130 కిలోమీటర్లు సైకిలు తొక్కి వచ్చాక ఏం తాగాలి, ఏం తినాలి?

కాలవగట్టు (రాజమండ్రి) – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. ఈరోజు మొదటిసారి వంద దాటాను. పొద్దున్న 5 గంటలకి రాజమండ్రిలో బయలుదేరి, ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక నుంచి కాలవగట్టు పట్టుకుని ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళి అదే దారిన తిరిగొచ్చాను. మీటరు 131 చూపించింది. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఉగాది దాటిన ఎండ, పైగా తిరుగు దారిలో బ్యారేజి మీద ఎక్కడా నీడ లేదు.

సమస్య తొక్కడంలో రాలేదు, ఇంటికొచ్చాక వచ్చింది. దారిలో మంచినీళ్ళే తాగాను, రెండు అరటిపళ్ళు తిన్నాను. ఇంటికి రాగానే మూడు కొబ్బరి బొండాలు, ఆత్రేయపురంలో కొన్న పూతరేకులు రెండు, ఆ తర్వాత ఫ్రిజ్‌లో నీళ్ళు లీటరున్నర. అన్నం సయించలేదు, పడుకున్నాను. సాయంత్రం ఐదింటికి తల పగిలిపోయే నొప్పితో మెలకువ వచ్చింది. కుడి పిక్క పట్టేసింది, వికారం. మూత్రానికి నాలుగైదుసార్లు వెళ్ళాను, నీళ్ళలా తెల్లగానే ఉంది, అయినా దాహం తీరలేదు. రాత్రి ఆవకాయ ముక్కతో కాస్త పెరుగన్నం తిన్నాక నెమ్మదించింది.

వెళ్ళేముందు బరువు 72.4 కిలోలు, వచ్చాక 70.1. మూడు వారాల తర్వాత 200 కి.మీ. బ్రెవే (గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిలు రైడు) తొక్కాలనుకుంటున్నాను. ఇలాగే అయితే కష్టం. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

---

రాత్రిబండి (భీమవరం) – ఆదివారం, రాత్రి 10:05

ముందుగా వంద దాటినందుకు అభినందనలు తమ్ముడూ.

నువ్వు రాసినదాంట్లో ఆవకాయ ముక్క దాకా ఉప్పు అన్న మాటే లేదు చూసుకున్నావా? నీళ్ళు, బొండాలు, అరటిపళ్ళు, పూతరేకులు. ఎనిమిది గంటలు చెమటలో ఉప్పు పోగొట్టుకున్నావు, సాయంత్రం దాకా ఒక్క చిటికెడు వెనక్కి వేసుకోలేదు. నాకు మొదటి బ్రెవేలో అచ్చం ఇదే జరిగింది. జెర్సీ ఆరాక వీపు మీద తెల్లటి చారలు పడ్డాయా? పడితే నీ చెమటలో ఉప్పు ఎక్కువని లెక్క.

---

కాలవగట్టు – ఆదివారం, రాత్రి 10:12

పడ్డాయి అన్నా. నల్ల జెర్సీ మీద ముగ్గు వేసినట్టు ఉంది. దుమ్మనుకున్నాను.

---

మెంతిమజ్జిగ (కాకినాడ) – సోమవారం, ఉదయం 6:30

నేను డైటీషియన్‌ని, వారానికి రెండు రోజులు సైకిలు కూడా తొక్కుతాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ బరువు 2.3 కిలోలు తగ్గింది, అంటే ఒంటి బరువులో 3 శాతం పైనే. అదంతా దాదాపు నీరే. దారిలో తాగింది పోను ఇంకా అంత బాకీ ఉందన్నమాట. ఎంత తగ్గితే అంత తాగితే సరిపోదు, తాగినదాంట్లో కొంత మూత్రంగా పోతుంది కాబట్టి. కిలో తగ్గితే లీటరుంబావు నుంచి లీటరున్నర తాగాలని లెక్క. మీకైతే 3 నుంచి మూడున్నర లీటర్లు. అదీ ఒక్కసారిగా కాదు, నాలుగైదు గంటల్లో కొద్దికొద్దిగా.

ఇక మూత్రం సంగతి. చెమటతో ఉప్పు కూడా పోయిన ఒంట్లో వట్టి నీళ్ళు ఒక్కసారి పడితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది పసిగట్టి మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుంది, కిడ్నీలు నీళ్ళు వదిలేస్తాయి. ఒంటికి ఇంకా నీళ్ళు కావాలి, కానీ తాగినవి నిలవడం లేదు. మూత్రం తెల్లగా ఉంది కదా, నీళ్ళు సరిపోయాయి అనుకోవడం ఇలాంటప్పుడే పొరపాటవుతుంది. ఉప్పు తోడైతే నీళ్ళు నిలుస్తాయి. లీటరు చెమటలో సగటున ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి ఇది చాలా మారుతుంది. అర టీ చెంచా ఉప్పులో దాదాపు ఒక గ్రాము సోడియం ఉంటుంది. కాబట్టి లీటరు మజ్జిగకి అర చెంచా ఉప్పు మీకు సుమారుగా సరిపోయే కొలత.

పిక్క పట్టడం మాత్రం ఉప్పు ఒక్కదాని మీదకే నెట్టకండి. అలవాటు లేని దూరం తొక్కితే అలిసిపోయిన కండరం కూడా అలాగే పట్టేస్తుంది.

ఒక హెచ్చరిక. ఎండలో తిరిగొచ్చాక తలనొప్పితో పాటు ఆగని వాంతులు, తికమకగా మాట్లాడటం, మగత ఉంటే ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. వడదెబ్బ అయినా కావచ్చు, దారి పొడవునా నీళ్ళు మరీ ఎక్కువ తాగి సోడియం పడిపోయినా కావచ్చు. రెండోదైతే ఇంకా నీళ్ళు పట్టించడం ప్రాణానికే ముప్పు. తొక్కి వచ్చాక బరువు పెరిగి ఉంటే ఆ అనుమానం తప్పకుండా పెట్టుకోవాలి.

---

పాతహెర్క్యులస్ (కొత్తపేట) – సోమవారం, ఉదయం 8:15

నాకు 63 ఏళ్ళు బాబూ. మీరు సరదాకి తొక్కుతున్న ఈ దారిలో మేము బతుకు కోసం తొక్కాం. కుర్రతనంలో కొబ్బరికాయల బస్తాలు కట్టుకుని అంబాజీపేట మార్కెట్టుకి రోజూ వెళ్ళొచ్చేవాడిని. అప్పుడు మీటరూ లేదు, బరువు చూసుకోడమూ లేదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ తరవాణి సిద్ధంగా ఉంచేది. అన్నం వార్చిన గంజి, నీళ్ళు, కాసిని మెతుకులు కుండలో పులియబెట్టేది. అందులో ఉప్పు వేసి గ్లాసు నిండా ఇచ్చేది. అది తాగి అరుగు మీద అరగంట కూర్చుంటే ఒళ్ళు కుదుటపడేది. ఆ తర్వాతే అన్నం. రాగానే అన్నం ముందు కూర్చుంటే "ముందు చెమట ఆరనివ్వరా" అని కేకలేసేది. పొద్దున్న బయలుదేరే ముందు పెరుగు కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. కూలి పని చేసే ప్రతి ఇంట్లోనూ ఇదే. ఇప్పుడు మా మనవళ్ళకి తరవాణి వాసనే పడదు. గంజి వార్చే ఇళ్ళూ తగ్గిపోయాయి, కుక్కరు వచ్చాక గంజి ఎక్కడిది?

ఆ అమ్మాయిగారు చెప్పిన లెక్క చదివాక, మా అమ్మ చేసింది ఎందుకు పనిచేసిందో ఇప్పుడు తెలిసింది నాకు.

---

మెంతిమజ్జిగ – సోమవారం, ఉదయం 8:50

బాబాయ్ గారూ, మీ అమ్మగారు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనదండి. గంజిలో పిండిపదార్థం ఉంది, ఉప్పు ఉంది, నీరు ఉంది. పేగులో చక్కెరా సోడియమూ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీరు వెళ్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే. విరేచనాలకి బియ్యపు పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కూడా వాడతారు. తరవాణి పులుపు పడనివాళ్ళు గంజిలో ఉప్పు, కాస్త మజ్జిగ కలుపుకున్నా చాలు.

"ముందు చెమట ఆరనివ్వు" అన్నది కూడా గట్టి మాట. మన డెల్టా ఉక్కలో చెమట ఆవిరవదు, కారిపోతుంది. ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడేది. కాబట్టి రాగానే నీడ, ఫ్యాను, మెడ మీద తడి తువ్వాలు. ఒళ్ళు వేడిగా ఉన్నంతసేపూ ఆకలి వెయ్యదు. కాలవగట్టు గారికి అన్నం సయించకపోవడానికి అదీ ఒక కారణం.

---

చక్కెరకేళి (రావులపాలెం) – సోమవారం, మధ్యాహ్నం 1:20

అందరూ కలిసి కొబ్బరి నీళ్ళని, అరటిపండుని దోషుల్ని చేసేస్తున్నట్టున్నారు. మాది అరటి వ్యాపారం. మార్కెట్టులో గెలలు మోసేవాళ్ళు రోజంతా వాటి మీదే నిలబడతారండి. బొండంలో లవణాలు లేవంటారా?

---

మెంతిమజ్జిగ – సోమవారం, మధ్యాహ్నం 2:10

లేవని కాదన్నయ్యా. బొండంలో పొటాషియం దండిగా ఉంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకే బొండం మంచిదే కానీ ఒంటరిగా చాలదు. బొండంతో పాటు ఉప్పు వేసిన వేరుశనగలు తిన్నా, ఉప్పు మజ్జిగ తాగినా లెక్క సరిపోతుంది. పిండిపదార్థం కూడా తక్కువే. ఓ మోస్తరు బొండం నీళ్ళలో 12 గ్రాములు ఉంటే గొప్ప.

అరటిపండు సంగతి వేరు. ఒక పండులో 25 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, కడుపుకి తేలిక, తొక్క ఉంది కాబట్టి రోడ్డు మీద కొన్నా శుభ్రం. చక్కెరకేళి అయినా కర్పూరమైనా అమృతపాణి అయినా సరే, ఇంటికి రాగానే రెండు తినండి. మాంసకృత్తులు మాత్రం అందులో గ్రాముకి మించి లేవు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్ళు మూడేసి బొండాలు తాగకూడదు. అలాగే బీపీ ఉన్నవాళ్ళు పైన నేను చెప్పిన ఉప్పు కొలత డాక్టరుని అడక్కుండా పాటించకండి.

---

చక్కెరకేళి – సోమవారం, మధ్యాహ్నం 2:25

ఒప్పుకున్నాను మేడమ్. బొండంతో ఉప్పుశనగలు. మా కొట్టుకొచ్చే సైకిలువాళ్ళకి ఇకనుంచి ఇదే చెప్తాను.

---

నీలిపందిరి (రామచంద్రపురం) – సోమవారం, సాయంత్రం 6:00

దారిలో చెరకు రసం తాగేవాళ్ళకి ఒక్క మాట. రసం మంచిదే, అందులో వేసే ఐసు ఏ నీళ్ళతో చేసిందో మనకి తెలియదు. రెండేళ్ళ కిందట ఒక బండి దగ్గర ఐసు వేసిన రసం రెండు గ్లాసులు తాగాను. ఆ తర్వాత కామెర్లు వచ్చి నెలన్నర మంచం మీద ఉన్నాను. ఆ రసం వల్లేనని రుజువు చెయ్యలేను, కానీ ఆ రోజుల్లో బయట తాగింది అదొక్కటే. అప్పటినుంచి ఐసు లేకుండా, నా కళ్ళ ముందు చెరకు కడిగి ఆడిస్తేనే తాగుతున్నాను. మే నెలలో తాటిముంజెలు దొరికితే ఇంకా మంచిది, కాయ కోసి అక్కడికక్కడే ఇస్తారు.

---

గోదారిగట్టు (రాజమండ్రి) – సోమవారం, రాత్రి 8:30

మరి మన రోజ్ మిల్క్? తొక్కి వచ్చిన ప్రతి ఆదివారం నేనూ మా స్నేహితులూ తాగేది అదే. పూతరేకులు కూడా తప్పేనా? ఆత్రేయపురం మీంచి వెళ్తూ కొనకుండా రాబుద్ధి కాదు. 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది దానికి.

---

మెంతిమజ్జిగ – సోమవారం, రాత్రి 9:15

రోజ్ మిల్క్ తాగండి, నిశ్చింతగా తాగండి. పాలల్లో మాంసకృత్తులు ఉన్నాయి, పిండిపదార్థం ఉంది, కాస్త సోడియం ఉంది. వట్టి నీళ్ళకంటే పాలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. రెండు గంటలకి మించి తొక్కితే ఆ చక్కెర వృథా పోదు. అరగంట తొక్కి తాగేదైతే వేరే సంగతి.

పూతరేకులో రేకు బియ్యమే, బెల్లమూ పనికొస్తుంది. అందులో నెయ్యి మాత్రం కడుపులో ఆలస్యంగా కరుగుతుంది. ఎండన పడి వచ్చిన కడుపులో రాగానే వేస్తే వికారం పెడుతుంది. భోజనం అయ్యాక తినండి, రుచీ తెలుస్తుంది.

---

నిడదవోలు లాకు (నిడదవోలు) – సోమవారం, రాత్రి 9:50

నాకు 52 ఏళ్ళు, షుగరుంది, ఇన్సులిన్ తీసుకుంటాను. నెలకోసారి 60–70 కి.మీ. తొక్కుతాను. మీరంతా బెల్లం, అరటిపండు, అన్నం అంటుంటే నాకు టెన్షన్‌గా ఉంది. నేను తొక్కి వచ్చాక అన్నం మానేసి మజ్జిగతో సరిపెడుతున్నాను. పోయినసారి అర్ధరాత్రి చెమటలు పట్టి లేచాను, చూస్తే షుగరు 58.

---

మెంతిమజ్జిగ – సోమవారం, రాత్రి 10:20

అన్నయ్యా, మీరు రాయడం చాలా మంచిదైంది. దయచేసి ఇకమీదట అలా అన్నం మానేయకండి.

గంటల తరబడి తొక్కాక కండరాలు ఖాళీ అయిన నిల్వల్ని నింపుకోవడానికి రక్తంలో చక్కెరని లాక్కుంటూనే ఉంటాయి. అది ఆ రాత్రంతా, ఒక్కోసారి 24 గంటల దాకా సాగుతుంది. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వాడేవాళ్ళకి అర్ధరాత్రి షుగరు పడిపోయేది అందుకే. ఆ రోజు డోసు ఎంత తగ్గించాలో మీ డాక్టరుతో ముందే మాట్లాడి రాయించుకోండి. వచ్చాక మామూలు కొలతలో అన్నం, పప్పు, గుడ్డు తినండి. పడుకునే ముందు షుగరు చూసుకోండి, తలగడ పక్కన గ్లూకోజు పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళకి చెప్పి పడుకోండి. 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజు తీసుకుని 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి.

---

నిడదవోలు లాకు – సోమవారం, రాత్రి 10:31

గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఇది ప్రింటు తీసి పట్టుకెళ్తాను తల్లీ.

---

దిబ్బరొట్టె (పాలకొల్లు) – మంగళవారం, ఉదయం 7:40

తాగడం గురించి బాగా తేలింది. తినడం గురించి నా అనుభవం చెప్తాను. పన్నెండేళ్ళుగా తొక్కుతున్నాను, నరసాపురం, భీమవరం, అంతర్వేది తిరగని ఆదివారం తక్కువ.

మొదట్లో రాగానే బిర్యానీకి పరిగెత్తేవాళ్ళం. సాయంత్రం దాకా కడుపులో రాయి పెట్టినట్టుండేది, మసాలాకి మంట. ఇప్పుడు నా పద్ధతి వేరు. వచ్చిన గంటలోపు పెసరట్టు రెండు గానీ, మా ఊరి దిబ్బరొట్టె ఓ పెద్ద ముక్క గానీ. దిబ్బరొట్టె మినుములూ బియ్యమే కాబట్టి పిండిపదార్థమూ మాంసకృత్తులూ రెండూ అందుతాయి, కొబ్బరి చట్నీలో ఉప్పూ అందుతుంది. మధ్యాహ్నం భోజనంలో అన్నం ఎక్కువ, కూర తేలిక. శీలావతి గానీ బొచ్చె గానీ పులుసు పెట్టిస్తే అంతకు మించింది లేదు. చేప ముక్కలు రెండు వేసుకుంటే మాంసకృత్తుల లెక్క తీరిపోతుంది.

---

కాలవగట్టు – మంగళవారం, ఉదయం 8:05

మా ఇంట్లో చేపా గుడ్డూ వండరు అండి. పప్పు, పెరుగు మీదే బండి నడవాలి. ఎంత తినాలి?

---

మెంతిమజ్జిగ – మంగళవారం, మధ్యాహ్నం 12:45

ఆ బండి బాగానే నడుస్తుంది. పూటకి 20 గ్రాముల మాంసకృత్తులు మీ లక్ష్యం. నూరు గ్రాముల పెసల్లో 24 గ్రాములు ఉంటాయి. కాబట్టి 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పెసరట్లు తిని, పైన ఒక పెద్ద గ్లాసు పాలు తాగితే దగ్గరగా వచ్చేస్తారు. భోజనంలో ముద్దపప్పు, గడ్డపెరుగు రెండూ ఉండాలి, ఏదో ఒకటి కాదు. గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డుకి 6 గ్రాములని లెక్కేసుకోండి.

అన్నం కొలత. మర్నాడు మళ్ళీ తొక్కేదుంటే మొదటి నాలుగు గంటలూ కిలో బరువుకి గంటకో గ్రాము పిండిపదార్థం పడాలి. మీకు గంటకి 72 గ్రాములు, అంటే పావుకిలో వండిన అన్నం. మర్నాడు తొక్కేది లేకపోతే ఇంత కంగారు అక్కర్లేదు. మామూలుగా రెండు పూటలా కడుపు నిండా తినండి, 24 గంటల్లో నిల్వలు వాటంతటవే నిండుతాయి.

---

రాత్రిబండి – మంగళవారం, రాత్రి 9:00

బ్రెవే సంగతి కూడా చూడు తమ్ముడూ. 200 కి.మీ.కి గడువు 13 గంటల 30 నిమిషాలు. ఇంటికొచ్చాక తాగుదాంలే అనుకుంటే నడవదు, మధ్యాహ్నానికే ఒళ్ళు ఆగిపోతుంది. రెండు సీసాల్లో ఒకటి మంచినీళ్ళు, రెండోది ఉప్పూ చక్కెరా కలిపింది. లీటరుకి అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర, కొలత గీసినట్టు సమంగా ఉండాలి, గోపురం కాదు. నిమ్మకాయ పిండుకో.

మందుల షాపులో ఓఆర్‌ఎస్ కొనేదైతే పాకెట్టు వెనక చదివి కొను. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములాలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉంటాయి. అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు చాలాకాలం ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడుపోయాయి. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పాత అలవాటుతో అవే అడిగి తాగేవాళ్ళు మన గ్రూపుల్లో ఇంకా ఉన్నారు.

---

ఈతచెట్టు (తణుకు) – బుధవారం, ఉదయం 10:10

మావాళ్ళు రైడు అయ్యాక చల్లగా కల్లు తాగుదాం అంటారు. అది సహజమైనదే కదా, ఫర్వాలేదా?

---

మెంతిమజ్జిగ – బుధవారం, ఉదయం 11:00

వద్దు తమ్ముడూ. కల్లయినా బీరయినా ఆల్కహాలు మూత్రాన్ని పెంచుతుంది, కండరం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. పైగా తాగి మళ్ళీ సైకిలెక్కి రోడ్డు మీదకి రావడం. ఆ ఒక్కరోజుకి మానెయ్యండి. టీ కాఫీలకి మాత్రం నాకు అభ్యంతరం లేదు, ఒకటి రెండు కప్పులతో ఒంట్లో నీరేమీ పోదు.

---

కాలవగట్టు – పై ఆదివారం, రాత్రి 8:20

మీరందరూ చెప్పినవి ఈరోజు చేసి చూశాను. కొత్తపేట దాకా వెళ్ళొచ్చాను, 94 కి.మీ. దూరం తక్కువే, కానీ ఎండ పోయిన వారంకంటే ఎక్కువ.

ఒక సీసాలో ఉప్పు, చక్కెర, నిమ్మ. గంటకోసారి గుర్తుపెట్టుకుని తాగాను. వెళ్ళేముందు 72.1, వచ్చాక 71.0. కిలో పైచిలుకే తగ్గాను. ఇంటికి రాగానే ఫ్యాను కింద కూర్చుని, తడి తువ్వాలు కప్పుకుని, ఉప్పూ అల్లం వేసిన పలచటి మజ్జిగ రెండు గ్లాసులు నెమ్మదిగా తాగాను. పావుగంటకి ఆకలి వేసింది! పోయినసారి సాయంత్రం దాకా వెయ్యలేదు. అరటిపళ్ళు రెండు, గంట తర్వాత పెసరట్లు, పాలు. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, మాగాయ, పెరుగు. బొండం ఒక్కటి, సాయంత్రం. తలనొప్పి లేదు, పిక్క పట్టలేదు. మూత్రానికి రెండుసార్లే వెళ్ళాను. ఇప్పుడే మా అమ్మాయిని పార్కుకి తీసుకెళ్ళి వచ్చాను.

మజ్జిగలో ఉప్పు మొదట చేదుగా అనిపించేంత వేశాను, రెండో గ్లాసుకి తగ్గించాను. చెంచా కొలతతో వేసుకోవాలి, చేత్తో కాదు.

---

నిడదవోలు లాకు – పై ఆదివారం, రాత్రి 8:45

నా సంగతి కూడా. డాక్టరు డోసు మార్చి రాసిచ్చారు. నిన్న 40 కి.మీ. తొక్కి అన్నం తిన్నాను. పడుకునే ముందు 142, తెల్లవారుజామున 118. రాత్రంతా నిద్రపట్టింది.

---

పాతహెర్క్యులస్ – పై ఆదివారం, రాత్రి 9:10

కాలవగట్టు బాబూ, కొత్తపేట దాకా వచ్చి చెప్పకుండా వెళ్ళిపోయావు. మీ బ్రెవే రోజున మా వీధి మీంచే వెళ్తారని రాత్రిబండి అబ్బాయి చెప్పాడు. మా ఆవిడ ఆ ముందురోజు గంజి వార్చి కుండలో పోస్తానంది. గుమ్మం దగ్గర మామిడిచెట్టు కింద బల్ల వేసి ఉంచుతాను. తరవాణి పడనివాళ్ళకి మజ్జిగ కూడా ఉంటుంది. ఎంతమంది వస్తున్నారో రెండు రోజులు ముందు చెప్పండి, బియ్యం అంత పొయ్యాలి కదా.